చక్రం చుట్టూ పట్టీ: ఊడిపోకుండా, తుప్పు పట్టకుండా వీల్ ఆర్చ్ ట్రిమ్ బిగించడం ఎలా?

"ఏటన్నా, వేసి నెల కూడా కాలేదు, అప్పుడే లేచిపోయింది!"

వానలు మొదలయ్యాయంటే రాయగడలో మా షాపుకి రోజూ ఎవరో ఒకరు ఈ మాటతోనే వస్తారు. ముందు చక్రం మీద ఉండే నల్ల ప్లాస్టిక్ పట్టీ ఒక కొస ఊడి వేలాడుతుంటుంది. పార్వతీపురం నుంచి దాన్ని తాడుతో కట్టుకుని వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. గునుపురం, జయపురం, పర్లాకిమిడి వైపు నుంచి ఫోన్లూ ఇవే: ఏ రకం కొనాలి, ఇంట్లోనే వేసుకోవచ్చా, డ్రిల్ కొట్టాలా, ఎందుకు ఊడుతోంది? అందరికీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే మొత్తం ఒకచోట రాసేస్తే మేలనిపించింది.

ఒక్క విషయం ముందే చెప్తాను. పట్టీ ఊడిపోవడం చిన్న నష్టం. అసలు నష్టం ఊడిపోకుండా గట్టిగా ఉన్న పట్టీ వెనకాల జరుగుతుంది. మన దగ్గర ఎర్రమట్టి చాలా మెత్తగా ఉంటుంది. టికిరి వైపు బాక్సైట్ లారీల వెనక పది కిలోమీటర్లు వెళ్తే చాలు, కారు రంగే మారిపోతుంది. ఆ మట్టి నీళ్లతో కలిసి పట్టీ వెనక చేరి, బయటకు పోయే దారి లేక అక్కడే ఉండిపోతే ఫెండర్, అంటే చక్రం పైన ఉండే రేకు, దాని అంచుని లోపల్నుంచి తినేస్తుంది. బయటకు అందంగానే కనిపిస్తుంది. రెండు మూడేళ్లకి పట్టీ తీస్తే రేకు బుడగలు బుడగలుగా లేచి ఉంటుంది. కాబట్టి ఈ పని మొత్తంలో మీరు పట్టించుకోవాల్సినవి రెండే: కింద ఉపరితలం శుభ్రంగా ఉండాలి, వెనక చేరిన నీరు కిందకి పోవాలి.

ముందు ఏ రకమో తేల్చుకోండి

మొదటిది కారుతో పాటు కంపెనీ ఇచ్చే పట్టీ, అంటే క్లాడింగ్. అది క్లిప్పులతో నిలబడుతుంది. అది పగిలితే అదే మోడల్‌కి, అదే ఏడాదికి సరిపోయే ఒరిజినల్ ముక్క కొనండి. క్లిప్పులు కూడా కొత్తవే తీసుకోండి. పాతవి తీసేటప్పుడు సగం విరుగుతాయి, మిగతా సగానికి పట్టు పోతుంది. ఈ రకం అయితే కింద చెప్పిన టేపు గొడవ మీకు దాదాపు ఉండదు.

రెండోది మోడల్‌కి తగ్గట్టు అచ్చు పోసిన బయటి పట్టీ. టేపుతో అంటించేది. ఈ వ్యాసం ఎక్కువగా దీని గురించే, ఎందుకంటే అందరూ కొనేది ఇదే.

మూడోది మీటర్ల లెక్కన దొరికే రబ్బరు రోల్. ఏ కారుకైనా వేస్తామంటారు. చిన్న గీతల నుంచి, రాళ్ల దెబ్బల నుంచి కాపాడుతుంది. వంపు బాగా తిరిగిన చోట మాత్రం ముడతలు పడుతుంది. ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే ఫర్వాలేదు.

నాలుగోది మెరిసే స్టీలు పట్టీ. పెళ్లి కారుకి బాగుంటుందని అడుగుతారు. నేను వద్దనే చెప్తాను. దాని అంచు కారు ఊగినప్పుడల్లా పెయింట్‌ని కొద్దికొద్దిగా గీకుతుంది. గీకిన చోట మట్టి చేరుతుంది, తడి నిలుస్తుంది. మన రోడ్ల మీద అది తుప్పుని పిలిచి కూర్చోబెట్టడమే.

ఇంకొక సంగతి. వెడల్పు టైర్లు వేయించి, అవి బయటకు పొడుచుకు వస్తున్నాయని కప్పడానికి పెద్ద ఫ్లేర్లు, అంటే బాగా వెడల్పు పట్టీలు, అడిగే కుర్రాళ్లున్నారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. ఆ పని నేను చేయను, మీరూ చేయించుకోవద్దు. ఒడిశా నంబరు బండితో ఆంధ్రాలో, ఆంధ్రా నంబరుతో ఇక్కడ తిరిగే మనకి చెక్‌పోస్టు దగ్గర ఆ టెన్షన్ ఎందుకు?

కావలసినవి

మీ మోడల్ పట్టీల సెట్టు, కారు షాంపూ, రెండు బకెట్లు, పాత టూత్‌బ్రష్, మైక్రోఫైబర్ గుడ్డలు కనీసం నాలుగు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అంటే మెడికల్ షాపుల్లో, ఎలక్ట్రానిక్స్ సామాన్ల షాపుల్లో ఐపీఏ అని అడిగితే ఇచ్చేది, మాస్కింగ్ టేపు, మంచి యాక్రిలిక్ ఫోమ్ డబుల్ సైడ్ టేపు, 10 లేదా 12 మిల్లీమీటర్ల వెడల్పుది, ప్లాస్టిక్ మీద రాసే అడ్హీషన్ ప్రైమర్, హెయిర్ డ్రయ్యర్, సుద్దముక్క, టచప్ పెయింట్.

టేపు గురించి రెండు మాటలు. పట్టీతో పాటు అంటించి వచ్చే టేపు చాలాసార్లు నాసిరకం. ఎర్ర పొర ఉంది కదా, మంచిదే అనుకోకండి, ఆ పొర రంగు ఎవరైనా వేస్తారు. చిన్న ముక్క తెంపి రెండు చేతులతో లాగి చూడండి. మంచి యాక్రిలిక్ టేపు చూయింగ్ గమ్‌లా సాగి, వదిలితే నెమ్మదిగా వెనక్కి వస్తుంది. నాసిరకంది స్పాంజిలా చిరిగి పొడి రాలుతుంది. అలాంటిదైతే మొహమాటం లేకుండా మొత్తం గీకేసి కొత్తది వేయండి.

పని మొదలుపెట్టే ముందు రోజు చూసుకోండి

పట్టీకి, కారు బాడీకి రెండింటికీ 21 నుంచి 38 డిగ్రీల మధ్య వేడి ఉన్నప్పుడు ఈ టేపు బాగా పడుతుంది. 10 డిగ్రీల కంటే చల్లగా ఉంటే చాలా రకాల టేపులు అసలు పట్టవు. రాయగడలో మే నెల మధ్యాహ్నం బానెట్ మీద చెయ్యి పెట్టలేం. కోరాపుట్, సెమిలిగుడ వైపు జనవరి పొద్దుట రేకు ఐసులా ఉంటుంది. రెండూ పనికిరావు. వానలు తగ్గాక అక్టోబరు చివర, నవంబరు, లేదా ఫిబ్రవరి నెలలు మనకి అనువైన కాలం. వేసవిలో తప్పనిసరైతే ఉదయం ఏడింటి లోపు, నీడలో మొదలుపెట్టండి. చలికాలంలో అయితే ఎండ పైకి వచ్చి, రేకు మీద మంచు తడి ఆరాక.

ఈ లెక్క నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. పదేళ్ల కిందట జనవరిలో సెమిలిగుడలో ఒకరింటికెళ్లి, పొద్దున్నే పొగమంచులో నాలుగు పట్టీలు వేసి వచ్చాను. వాళ్లు ఆ మధ్యాహ్నమే ఘాట్ దిగి సాలూరు వైపు వెళ్లారు. దారిలో వెనక పట్టీ ఊడి, వెనకాల బైక్ మీద వస్తున్న కుర్రాడి ముందు పడింది. అతను బండి పక్కకి కోసుకుని నిలబెట్టుకోగలిగాడు, దెబ్బ తగల్లేదు. ఆ ఫోన్ వచ్చినప్పుడు నా చేతులు వణికాయి. అప్పటి నుంచి చలిలో పని అంటే హెయిర్ డ్రయ్యర్ లేకుండా గడప దాటను, వేసిన రోజు బండి కదలనివ్వను.

ఇక పని

1. టేపు పొర తీయకుండా ముందు పట్టీని చక్రం చుట్టూ పెట్టి చూడండి. పట్టీ వెనక ఎల్‌హెచ్, ఆర్‌హెచ్ అని ఉంటుంది. అది డ్రైవర్ సీటులో కూర్చున్నవాడి ఎడమ, కుడి. కారు ఎదురుగా నిలబడి చూస్తే తారుమారవుతుంది. మన కార్లలో స్టీరింగ్ కుడివైపు కాబట్టి ఆర్‌హెచ్ అంటే డ్రైవర్ వైపు అని గుర్తుపెట్టుకోండి. ఎక్కడైనా నాలుగు మిల్లీమీటర్ల కంటే ఎక్కువ ఖాళీ కనిపిస్తే టేపు దాన్ని లాగి పట్టుకోలేదు. ఆ పట్టీ మీ బండిది కాదు, షాపులో మార్చుకోండి.

వెనక చక్రం దగ్గర పట్టీ చాలా కార్లలో తలుపు మీదకు వస్తుంది. అక్కడ ముక్క విడిగా ఉంటుంది. పెట్టి పట్టుకుని తలుపు పూర్తిగా తెరిచి మూయండి. ముందు వైపు ఫెండర్‌కీ బంపర్‌కీ మధ్య సందు ఉంటుంది. బంపర్ ప్లాస్టిక్, అది వేరుగా కదులుతుంది. ఆ సందు మీదుగా ఒకే పట్టీని సాగదీసి అంటించకండి.

2. కడగండి, కానీ బయట మాత్రమే కాదు. చక్రం పైన ఫెండర్ రేకు లోపలికి మడతపడి ఒక చిన్న అంచుగా ఉంటుంది. టైరుకీ దానికీ మధ్య నుంచి వేలు పెట్టి ఆ మడత లోపల తడమండి. నేను వేలు పెట్టిన ప్రతి పది కార్లలో తొమ్మిదింటికి ముద్దగా మట్టి వస్తుంది. అందులో గడ్డిపోచలు, ఎండిన వరి ఆకులు, ఒక్కోసారి లారీ నుంచి రాలిన నీలగిరి బెరడు ముక్కలు. ఎండాకాలంలో కూడా ఆ ముద్ద లోపల తడిగానే ఉంటుంది. దాన్ని టూత్‌బ్రష్‌తో, మెల్లగా పారే నీళ్లతో తీసేయండి. నీళ్లు ఎర్రగా రావడం ఆగి తేటగా వచ్చేదాకా ఆపొద్దు. తర్వాత కనీసం సగం రోజు ఆరనివ్వండి.

3. ఆరాక టార్చి వేసి ఆ అంచు చూడండి. పెయింట్ లేచి గోధుమరంగు మచ్చ కనిపిస్తే ఎమరీ కాగితంతో రేకు మెరిసేదాకా గీకి, మెటల్ ప్రైమర్, దాని మీద టచప్ పెయింట్ వేసి ఒక రోజు వదిలేయండి. స్క్రూడ్రైవర్ మొన పెట్టి నొక్కితే రేకు లోపలికి దిగిపోతే, పట్టీ సంగతి మర్చిపోయి టింకరింగ్ షాపుకి వెళ్లండి. తుప్పు కనబడకుండా మూసేయడానికి పట్టీ వేయమని అడుగుతారు కొందరు, కారు అమ్మే ముందు ముఖ్యంగా. కొనేవాడు కూడా మనలాంటివాడే, దయచేసి అలా చేయొద్దు.

ఈమధ్యే ఫెండర్‌కి పెయింట్ వేయించి ఉంటే ఒక నెల ఆగండి. పచ్చి పెయింట్ మీద టేపు వేస్తే రేపు పట్టీతో పాటు పెయింటూ లేచొస్తుంది.

4. జిడ్డు తీయండి. ఇదే అసలు పని. తారు మచ్చలు ఉంటే కిరసనాయిలుతో తుడవచ్చు, కానీ కిరసనాయిలు కూడా జిడ్డే కాబట్టి వెంటనే షాంపూతో కడగాలి. తర్వాత ఐపీఏ, నీళ్లు సగం సగం కలిపి గుడ్డ తడిపి ఒకే దిక్కుగా తుడవండి. అది ఆరేలోపే ఇంకో పొడి గుడ్డతో తుడవండి. గుండ్రంగా రుద్దితే జిడ్డు పోదు, అక్కడక్కడే తిరుగుతుంది. థిన్నర్, పెట్రోలు వాడొద్దు, పెయింట్ మెరుపు పోతుంది.

శుభ్రమైందో లేదో ఎలా తెలుస్తుంది? కొంచెం నీళ్లు చిలకరించండి. నీళ్లు ముత్యాల్లా గుండ్రంగా నిలబడితే అక్కడ ఇంకా వ్యాక్స్ ఉంది. పలచగా పరుచుకుని జారిపోతే సరే. ఆ నీళ్లు తుడిచి, ఆరాక మళ్లీ ఒకసారి ఐపీఏ.

5. పట్టీని మళ్లీ చోటులో పెట్టి, పై అంచు వెంట మూడు నాలుగు చోట్ల మాస్కింగ్ టేపు ముక్కలు అంటించి, పట్టీ మీదా బాడీ మీదా కలిసేలా పెన్నుతో గీత గీయండి. అంటించేటప్పుడు ఈ గీతలే మీకు దారి.

6. పట్టీ ఏ ప్లాస్టిక్కో చూడండి. వెనక వైపు అచ్చులో చిన్న ఇంగ్లీషు అక్షరాలుంటాయి: పీపీ, లేదా పీపీ-ఈపీడీఎమ్, లేదా ఏబీఎస్. ఏబీఎస్ అయితే ఐపీఏతో తుడిస్తే చాలు. పీపీ అంటే పాలీప్రొపిలీన్, పీపీ-ఈపీడీఎమ్ అంటే దానికే రబ్బరు కలిపింది. మైనం లాంటి గుణం ఉన్న ప్లాస్టిక్, ఏ జిగురూ దానికి ఊరికే పట్టదు. చాలా పట్టీలు ఊడేది ఇక్కడే: టేపు కారుకి అంటుకునే ఉంటుంది, పట్టీ ఒక్కటే చేతికి వస్తుంది. మీ పాత పట్టీ అలాగే ఊడిందా? అయితే కారణం ఇదే.

అక్షరాలు కనబడకపోతే పట్టీ మూల నుంచి గోరంత ముక్క కోసి నీళ్లలో వేయండి. తేలితే పీపీయే. మునిగితే మాత్రం ఏమీ తేలదు, ఎందుకంటే పొడి కలిపిన పీపీ కూడా మునుగుతుంది. పీపీ అయినా, అనుమానం ఉన్నా అడ్హీషన్ ప్రైమర్ రాసేయండి. టేపు వచ్చే చోటంతా సన్న ఎమరీతో కొంచెం గరుకు చేసి, తుడిచి, ప్రైమర్ ఒక్క పలుచని పూత వేసి ఐదు నిమిషాలు ఆరనిచ్చి టేపు అంటించండి. ప్రైమర్ కారు పెయింట్ మీద పడకుండా జాగ్రత్త, మచ్చ పడుతుంది.

టేపుని పై అంచు వెంట పొడవునా ఒకటే వరుసగా వేయండి. కింది అంచు వైపు మాత్రం ముక్కలు ముక్కలుగా, మధ్యమధ్య రెండు వేళ్ల ఖాళీ వదిలి వేయండి. వెనక చేరిన నీరు ఆ ఖాళీల్లోంచే బయటపడుతుంది.

7. రేకుని చేత్తో తాకండి. గోరువెచ్చగా ఉండాలి. చల్లగా ఉంటే హెయిర్ డ్రయ్యర్‌తో రేకుని, టేపుని రెండింటినీ వెచ్చచేయండి. టేపు పొరని రెండు కొసల దగ్గరా రెండంగుళాలు మాత్రమే తీసి బయటకు మడిచి ఉంచండి. పట్టీని గీతలకి సరిగ్గా కలిపి, చక్రం నడినెత్తి మీద వేలితో ఆనించి పట్టుకోండి. ఇప్పుడు ఒక కొస నుంచి పొరని మెల్లగా లాగుతూ, లాగిన చోటల్లా నొక్కుతూ రండి. తర్వాత రెండో కొస. ఇద్దరుంటే సులువు. పట్టీని సాగదీయొద్దు. సాగిన పట్టీ తన పొడవుకి తాను తిరిగి రావాలని చూస్తూనే ఉంటుంది, ఎండకి కొసలు లేస్తాయి.

వంకర పడిందా? వెంటనే పీకి మళ్లీ అంటించొద్దు. ఒకసారి అంటి ఊడిన టేపు మళ్లీ అదే పట్టు పట్టదు. పాత టేపు తీసేసి కొత్తది వేయాలి. ఆ విసుగు తప్పాలంటే ఐదో మెట్టులో గీతలు ఓపిగ్గా గీయండి.

8. నొక్కండి. ఈ టేపు పట్టేది ఒత్తిడితోనే, ఊరికే ఆనిస్తే పట్టదు. బొటనవేలితో అంగుళం అంగుళం కదుపుతూ, చోటుకి పది సెకన్లు, శరీరం బరువు పెట్టి నొక్కండి. నాలుగు పట్టీలు అయ్యేసరికి వేళ్లు నొప్పెడితే సరిగ్గా చేసినట్టే. తర్వాత రెండు కొసలకి మాస్కింగ్ టేపుతో కట్టుకట్టి ఒక రోజు వదిలేయండి.

9. ఆగండి. మామూలు వేడిలో 20 నిమిషాలకి సగం పట్టు, 24 గంటలకి తొంభై శాతం, 72 గంటలకి పూర్తి పట్టు వస్తుంది. మొదటి రోజు బండి తీయొద్దు. మూడు రోజులు నీళ్లు తగలనివ్వొద్దు. ఒక వారం ప్రెషర్ వాషింగ్‌కి ఇవ్వొద్దు. ఆ తర్వాత కూడా వాషింగ్ కుర్రాడితో "బాబూ, పట్టీ అంచులోకి పైప్ పెట్టకు" అని చెప్పండి. నీటి దెబ్బ నేరుగా అంచు కిందకి కొడితే ఎంత మంచి టేపైనా లేస్తుంది.

స్క్రూలతో వేసే రకమైతే, చక్రం లోపల నల్ల లైనర్‌కి ఇప్పటికే ఉన్న స్క్రూ రంధ్రాలనే వాడుకోండి. ఫెండర్ బయటి రేకుకి డ్రిల్ కొట్టడం నాకిష్టం లేదు. తప్పదంటే రంధ్రం అంచుకి పెయింట్ పూసి ఆరాకే స్క్రూ వేయండి. వెనక చక్రాల దగ్గర మాత్రం డ్రిల్ పెట్టనే పెట్టొద్దు. ఆ రేకు వెనకాల పెట్రోలు పోసే గొట్టం, లైట్ల వైర్లు వెళ్తుంటాయి.

ఇక్కడ మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాట్లు

కొత్త కారు కొనగానే మజ్జిగౌరమ్మ గుడి దగ్గర పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, నేరుగా షాపుకి వస్తారు. సంతోషం. కానీ ఫెండర్ మీద నూనెతో కలిపి రాసిన పసుపు, కుంకుమ బొట్లు ఉంటాయి. అవి తుడిచినట్టే కనిపిస్తాయి, నూనె మాత్రం రేకు మీదే ఉంటుంది. ఒకసారి ఊడిన పట్టీ టేపు వెనక చూస్తే మూడు పసుపు వేళ్ల గుర్తులు స్పష్టంగా కనిపించాయి, సరిగ్గా ఆ మూడు చోట్లే పట్టు వదిలింది. పూజ చేయించుకోండి, తర్వాత షాంపూతో కడిగించి, ఒకటికి రెండుసార్లు ఐపీఏతో తుడిచాకే పట్టీ వేయండి.

పట్టీ కొంచెం లేస్తే క్విక్ గమ్ చుక్క వేస్తారు. అది రాయిలా గట్టిపడుతుంది, కారు ఊగితే పగులుతుంది, పెయింట్‌ని కాల్చేస్తుంది. మళ్లీ టేపు వేయాలన్నా ఆ గడ్డలు అడ్డం వస్తాయి.

ఇంకొందరు చుట్టూ సిలికాన్ పెట్టి మూసేస్తారు, నీళ్లు వెళ్లకుండా అని. పైనుంచి మూసినా నీరు చక్రం వైపు నుంచి వస్తుంది, టైరు విసిరేస్తుంది. వచ్చిన నీరు పోవడానికి దారి లేదు. అంతకంటే ఘోరం, హార్డ్‌వేర్ షాపుల్లో చవకగా దొరికే సిలికాన్ ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది. ఆ వాసన ఎసిటిక్ యాసిడ్‌ది, రేకు బయటపడ్డ చోట తుప్పు తెస్తుంది. పై అంచుకి మాత్రమే సన్నగా వేయాలనుకుంటే న్యూట్రల్ సిలికాన్ అని అడిగి తీసుకోండి. కింద మాత్రం ఎట్టి పరిస్థితిలో మూయొద్దు.

సరిగ్గా కుదిరిందో లేదో చూసుకోవడం

మూడు రోజులు గడిచాక ఈ పరీక్షలు చేయండి.

విజిటింగ్ కార్డు అంచుని పై వరుస వెంట పట్టీ కిందకి దూర్చి చూడండి. ఎక్కడా టేపు దాటి లోపలికి వెళ్లకూడదు. వెళ్తే ఆ చోటు వెచ్చచేసి మళ్లీ నొక్కండి, రెండో రోజు కూడా అలాగే ఉంటే ఆ పట్టీ విప్పి కొత్త టేపుతో వేయాల్సిందే.

చక్రం నడినెత్తి దగ్గర, కింది అంచు ఖాళీల్లోంచి పట్టీ వెనక్కి మెల్లగా నీళ్లు పట్టండి. కింది ఖాళీల్లోంచి, కొసల్లోంచి నీళ్లు వెంటనే కారాలి. పోసిన నీళ్లు లోపలే ఉండి, తర్వాత చుక్క చుక్కగా వస్తుంటే ఎక్కడో దారి మూసుకుపోయింది.

పట్టీ లోపలి అంచు పొడవునా సుద్దముక్కతో తెల్లగా రుద్దండి. స్టీరింగ్‌ని ఒకవైపు చివరికంటా తిప్పి మెల్లగా ముందుకీ వెనక్కీ నడపండి. రెండో వైపూ అంతే. తర్వాత వెనక సీటులో ముగ్గురిని కూర్చోబెట్టుకుని స్పీడ్ బ్రేకర్ మీదుగా మెల్లగా వెళ్లండి. దిగి చూస్తే సుద్ద ఎక్కడైనా చెరిగిందంటే టైరు అక్కడ తగులుతోంది. ఖాళీ బండిలో తగలదు, ఇంటిల్లిపాదీ సామాన్లతో ఊరెళ్లేటప్పుడు తగులుతుంది. అందుకే ముగ్గురిని కూర్చోబెట్టమన్నాను. తగిలితే పట్టీ పైకి జరపాలి లేదా తీసేయాలి. టైరు పక్కగోడ కోసుకుపోయేదాకా ఆగొద్దు.

ఒక నెలకి మళ్లీ కార్డు పరీక్ష. వానాకాలం అయ్యాక పట్టీ వెనకాల మెల్లగా నీళ్లు పట్టి మట్టి బయటకు పంపండి. ఏడాదికి ఒక్కసారి ఈ పని చేస్తే ఫెండర్ అంచు గురించి దిగులు అక్కర్లేదు.

నల్ల ప్లాస్టిక్ తెల్లబడకుండా ఉండాలంటే యూవీ రక్షణ ఉన్న ట్రిమ్ డ్రెస్సింగ్ రాయండి. కొబ్బరినూనె, పాత ఇంజిన్ ఆయిల్, బూట్ పాలిష్ వాడేవాళ్లని చూశాను. రెండు రోజులు నల్లగా మెరుస్తుంది, తర్వాత దుమ్మంతా దానికే అంటుకుంటుంది, నూనె టేపు అంచుల్లోకి కూడా దిగుతుంది. హీట్ గన్‌తో కాల్చి నల్లగా చేయడం కొన్ని వీడియోల్లో చూపిస్తారు. నలుపు కొన్ని నెలలే ఉంటుంది, ఒకే చోట ఎక్కువసేపు పట్టుకుంటే పట్టీ వంకర తిరుగుతుంది.

తీయాల్సి వస్తే

స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తొద్దు, పెయింట్ పగులుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో రెండు మూడు నిమిషాలు వెచ్చచేసి, చేపల గాలానికి కట్టే నైలాన్ దారం మూరెడు తీసుకుని, రెండు కొసలూ చేతులకి చుట్టుకుని, పట్టీ వెనక రంపంలా అటూ ఇటూ లాగుతూ దిగండి. టేపు మధ్యలో కోసుకుపోతుంది, పెయింట్‌కి ఏమీ కాదు. రేకు మీద మిగిలిన జిగురుని బొటనవేలితో దొర్లిస్తే ఉండలు ఉండలుగా వస్తుంది, మిగిలింది ఐపీఏతో తుడవండి. క్లిప్పుల రకమైతే ప్లాస్టిక్ చెంచా లాంటి ట్రిమ్ టూల్‌తో ఒక్కో క్లిప్పు పక్కనే ఆనించి ఎత్తండి. తీసిన క్లిప్పు ఒకటి జేబులో వేసుకుని షాపుకి వెళ్లండి. ఫోన్‌లో ఫోటో చూపిస్తే సైజు తప్పుతుంది, చేతిలో క్లిప్పు ఉంటే తప్పదు.